పిల్ల ప్రాసెసు ఎట్లు ముగిసినది?

పనిమీద పంపినవాడు తిరిగి వచ్చుట వేరు, పని చేసికొని వచ్చుట వేరు. బియ్యము ఆడించుకొని రమ్మని ఒక తల్లి తన కొడుకును పిండిమరకు పంపినదనుకొనవచ్చును. వాడు పిండితో తిరిగి రావచ్చును. "మర మూసియున్నదమ్మా" అని చెప్పి, బియ్యముతోనే తిరిగి రావచ్చును. ఈ రెండును వాడు తన నోటితో చెప్పిన వార్తలు. త్రోవలో సైకిలు బోల్తాపడి కాలు విరిగినచో, ఆ వార్తను వాడు వచ్చి చెప్పలేడు. చూచినవారెవరో పరుగెత్తివచ్చి చెప్పవలసినదే. ఈ మూడు సందర్భములందును "పిల్లవాని ప్రయాణము ముగిసినది" అనుమాట నిజమే. కాని తరువాత ఏమి చేయవలెనో నిర్ణయించుకొనుటకు ఆ తల్లికి ఆ ఒక్క మాట చాలదు.

కంప్యూటరులో నడచు ప్రోగ్రాములకును ఇట్టి అవసరమే కలదు. ఒక పాఠశాలలో విద్యార్థుల మార్కుల పట్టికలను రెండవ డిస్కులోనికి నకలు తీయుటకై ఒక ప్రోగ్రామును వ్రాసినట్లు ఊహింపవచ్చును. ఆ ప్రోగ్రాము నకలు తీయు పనిని తాను చేయక, ఒక పిల్ల ప్రాసెసును పుట్టించి దానికి అప్పగించును. పిల్ల ముగిసినదని తెలియగానే స్థలము కలిసివచ్చుటకై పాత పట్టికలను చెరిపివేయును. పిల్ల సగము నకలు తీసి, నడుమ కూలిపోయినచో ఏమగును? "ముగిసినదా?" అని మాత్రమే అడిగిన తల్లి, ఏ సందేహమును లేక, మిగిలిన ఒక్క ప్రతిని కూడ చెరిపివేయును. "ఎట్లు ముగిసినది?" అని అడుగుట నేర్చిన తల్లి ఆగిపోవును. సి భాషలో ఈ రెండవ ప్రశ్నను అడుగు విధానము, జవాబును చదువు విధానము తెలిసికొనదగినవి.

తల్లియు పిల్లయు

నడచుచున్న ప్రోగ్రామును ప్రాసెసు అందురు. డిస్కులో నిలువయున్న ప్రోగ్రాము వంటపుస్తకములో వ్రాసియున్న పద్ధతి వంటిది. ప్రాసెసు పొయ్యిమీద ఉడుకుచున్న వంట వంటిది. ఒకే పద్ధతినిబట్టి ఒకేసారి పది పొయ్యిలమీద వండవచ్చును. ప్రతి ప్రాసెసునకు స్వంతమైన మెమరీ భాగమును, ఒక గుర్తింపు సంఖ్యయు ఉండును. ప్రాసెసులను పుట్టించుట, వానికి వంతులవారిగా కాలమును పంచుట, ముగిసిన పిమ్మట వానికిచ్చిన మెమరీని తిరిగి తీసికొనుట ఆపరేటింగు సిస్టము పనులు. ఆ సిస్టమునకు నడిబొడ్డువంటి భాగమునకు కెర్నెలు అని పేరు.

యూనిక్సు, లైనక్సు వంటి సిస్టములలో ఒక ప్రాసెసు మరియొక ప్రాసెసును పుట్టించుటకు "ఫోర్కు" అను పిలుపును ఉపయోగించును. ఫోర్కు అనగా చీలిక. త్రోవ రెండుగా చీలినట్లు, అంతవరకు ఒకటిగా నడచిన ప్రోగ్రాము అచ్చట రెండు ప్రాసెసులగును. రెండును ఒకే స్థలమునుండి ముందునకు సాగును. ఏది తల్లియో ఏది పిల్లయో గుర్తించుటకు ఒక చిన్న ఉపాయము కలదు: ఫోర్కు పిల్లకు 0 అని జవాబిచ్చును, తల్లికి పిల్లయొక్క గుర్తింపు సంఖ్యను ఇచ్చును. పిల్లను పుట్టించుట సాధ్యము కానిచో తల్లికి -1 అని తెలుపును.

ఒక విషయమును విద్యార్థులు గుర్తుంచుకొనవలెను. ఫోర్కుగాని, పిల్లకొరకు వేచియుండు "వెయిటు" అను పిలుపుగాని సి భాషా ప్రమాణములోనివి కావు. అవి యూనిక్సు జాతి సిస్టములు సి ప్రోగ్రాములకు అందించు సేవలు. 1988లో వెలువడిన పోసిక్సు ప్రమాణము వీని స్వరూపమును నిర్ణయించినది. అందువలన ఈ వ్యాసములోని పద్ధతులు లైనక్సులోను, తక్కిన యూనిక్సు జాతి సిస్టములలోను చెల్లును.

వేచియుండుట ఎట్లు పుట్టినది?

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలైనవారు పి.డి.పి.-7 అను చిన్న యంత్రముపై యూనిక్సు నిర్మాణమును ప్రారంభించిరి. ఆ యంత్రముపై ఫోర్కు పిలుపునకు సరిగా 27 పంక్తుల అసెంబ్లీ భాష సరిపోయినదని రిచీ తరువాత వ్రాసెను. ఆ తొలిదినములలో వెయిటు అను పిలుపు లేదు. వాడుకరి ఆజ్ఞలను చదివి పనులు చేయించు "షెల్" అను ప్రోగ్రాము, తాను పుట్టించిన పిల్ల ముగిసినదని తెలిసికొనుటకు ఒక వింత ఉపాయమును పన్నుచుండెను.

ప్రాసెసులు ఒకదానికొకటి సందేశములు పంపుకొనుటకు అప్పుడు ఒక ఏర్పాటు ఉండెను. షెల్ తన పిల్లకు ఒక సందేశమును పంపి, దానిని పిల్ల అందుకొనువరకు ఆగియుండెడిది. పిల్ల ఆ సందేశమును ఎన్నడును చదువదు. తన పని ముగించుకొని అది అంతరించిన వెంటనే, "మీరు సందేశము పంపిన ప్రాసెసు లేదు" అని కెర్నెలునుండి తప్పు తెలుపుచు జవాబు వచ్చెడిది. ఆ తప్పు జవాబే షెల్‌కు "పిల్ల ముగిసినది" అను వార్త! విలాసుదారు లేడని తిరిగివచ్చిన జాబునుబట్టి ఆ మనిషి ఊరు విడిచెనని గ్రహించుట వంటిది ఇది.

ఈ ఉపాయములో ఒక లోపము కలదు. పిల్ల తన స్వంత అవసరముకొరకు సందేశములను చదువ మొదలిడినచో, షెల్ పంపిన ఉత్తుత్తి సందేశమును అది అందుకొనును. అప్పుడు పిల్ల ఇంకను పనిచేయుచుండగనే, అది ముగిసినదని షెల్ భ్రమపడి తరువాతి ఆజ్ఞను చదువును. అదియుగాక, పిల్ల లేదని తెలియునేకాని ఎట్లు పోయినదో తెలియదు. త్వరలోనే ఈ ఏర్పాటును తీసివేసి, ఈ పనికే ప్రత్యేకించిన వెయిటు పిలుపును ప్రవేశపెట్టిరి. 1971 నవంబరు నాటి యూనిక్సు తొలి కూర్పు గ్రంథములో వెయిటు కనబడును. 1973లో యూనిక్సు కెర్నెలును సి భాషలో తిరిగి వ్రాసిరి. అప్పటినుండి ఈ పిలుపులకును సి భాషకును విడదీయరాని సంబంధము ఏర్పడినది.

మూడు విధముల గతి

పిల్ల ప్రాసెసునకు పట్టగల గతులు ముఖ్యముగా మూడు.

మొదటిది, స్వయముగా ముగియుట. పిల్ల "ఎగ్జిట్" అను ఫంక్షనును పిలుచును. లేదా దాని మెయిను ఫంక్షను ఒక సంఖ్యను తిరిగి ఇచ్చుచు ముగియును. ఆ సంఖ్య పిల్ల తల్లికి చెప్పిపోవు చివరి మాట. 0 అనగా పని సక్రమముగా జరిగినదని ఆచారము. తక్కిన సంఖ్యలు ఏదో లోపమును తెలుపును. ఏ సంఖ్యకు ఏ లోపమో ఆ ప్రోగ్రాము వ్రాసినవారు నిర్ణయింతురు. పిండితో వచ్చిన పిల్లవాడును, మర మూసియున్నదని చెప్పిన పిల్లవాడును ఈ తెగలోనివారే.

రెండవది, సిగ్నలువలన చచ్చుట. సిగ్నలు అనగా ప్రాసెసునకు కెర్నెలు అందజేయు హెచ్చరిక. ప్రతి సిగ్నలునకు ఒక సంఖ్య కలదు. తనది కాని మెమరీని తాకిన ప్రాసెసునకు 11వ సిగ్నలు అందును. ఇంటెల్ తరహా యంత్రములపై పూర్ణాంకమును సున్నతో భాగించినచో 8వది అందును. అబార్టు అను ఫంక్షనును పిలిచి తన్ను తాను కూల్చుకొన్నచో 6వది. కీబోర్డుపై కంట్రోలు, సి మీటలను కలిపి నొక్కినచో 2వది. ముగియుమని మర్యాదగా కోరునది 15వది. 9వది మాత్రము కోరిక కాదు, శాసనము. దానిని ఏ ప్రాసెసును పట్టి ఆపలేదు, తప్పించుకొనలేదు. ఈ తెగలో పిల్ల చెప్పిన చివరి మాట ఏదియు ఉండదు. వార్తను మోసికొనివచ్చునది కెర్నెలు. సైకిలు పడిన సంగతిని చూచినవారు వచ్చి చెప్పుట ఇట్టిదే.

మూడవది, ముగియక ఆగిపోవుట. కొన్ని సిగ్నళ్లు ప్రాసెసును చంపక, తిరిగి కదలుమను వరకు నిలిపియుంచును. తల్లి ప్రత్యేకముగా కోరినప్పుడే ఈ వార్త అందును. ఇది ముగింపు కాదు కాని, ముగింపుగా పొరబడు అవకాశమున్నందున దీనిని కూడ ఎరిగియుండవలెను.

పదునారు బిట్లలో వార్త

తల్లి వెయిటును పిలుచునప్పుడు ఒక పూర్ణాంక చలరాశియొక్క విలాసమును ఇచ్చును. పిల్ల ముగిసిన పిమ్మట కెర్నెలు ఆ చలరాశిలో ఒక సంఖ్యను వ్రాయును. ఈ సంఖ్యకు స్థితిసంఖ్య అని పేరు పెట్టవచ్చును. వెయిటు తిరిగి ఇచ్చు జవాబు మాత్రము వేరు. అది ముగిసిన పిల్లయొక్క గుర్తింపు సంఖ్య.

యూనిక్సు పెరిగిన పి.డి.పి.-11 యంత్రములో ఒక పదమునకు 16 బిట్లు, అనగా రెండు బైట్లు. పిల్ల వార్త అంతయు ఆ రెండు బైట్లలో ఇమిడిపోయినది. యంత్రములు మారినను, లైనక్సులో నేటికిని ఆ అమరికయే నిలిచియున్నది. పై బైటులోని 8 బిట్లు పిల్ల చెప్పిన ఎగ్జిట్ సంఖ్యకు. క్రింది బైటులో 7 బిట్లు చంపిన సిగ్నలు సంఖ్యకు. మిగిలిన ఒక్క బిట్టు, చచ్చిన సమయమునకు పిల్లయొక్క మెమరీ రూపము "కోర్" ఫైలుగా భద్రపరుపబడినదా అని తెలుపును. ఆ బిట్టు విలువ 128.

లెక్క వేసి చూచినచో విషయము తేటపడును. పిల్ల 3 అని చెప్పి స్వయముగా ముగిసినచో స్థితిసంఖ్య 3ను 256తో గుణింపగా వచ్చిన 768. పిల్ల 0 అని చెప్పి ముగిసినచో స్థితిసంఖ్య 0. పిల్లను 9వ సిగ్నలు చంపినచో స్థితిసంఖ్య 9. పిల్లను 11వ సిగ్నలు చంపి, కోర్ ఫైలు ఏర్పడనిచో 11. ఏర్పడినచో 11కు 128 కలిపి 139.

ఇప్పుడు ఒక ముఖ్యమైన ప్రమాదము కనబడును. పిల్ల చెప్పిన ఎగ్జిట్ సంఖ్య పై బైటులో ఉన్నది కనుక, కొందరు స్థితిసంఖ్యను 256తో భాగించి, భాగఫలమును చూచి ఊరకుందురు. 768ను 256తో భాగించినచో 3 వచ్చును, సరియే. కాని 11ను 256తో భాగించినచో భాగఫలము 0. 139ను భాగించినను 0 యే. మెమరీ తప్పుతో కూలిపోయిన పిల్ల, పనిని చక్కగా ముగించిన పిల్లవలె కనబడును! మార్కుల పట్టికలు పోవుటకు ఈ ఒక్క భాగహారము చాలును.

ముందు ఏది అడుగవలెను?

ఇట్టి పొరపాటు రాకుండుటకే పోసిక్సు ప్రమాణము స్థితిసంఖ్యను నేరుగా విప్పవద్దనుచు, కొన్ని సిద్ధప్రశ్నలను ఇచ్చినది. ఇవి "సిస్ వెయిట్" అను హెడరు ఫైలులో ఉండును. ఇవి జంటలు జంటలుగా ఉండును: మొదటిది తెగను అడుగును, రెండవది ఆ తెగలోని సంఖ్యను అడుగును.

"డబ్ల్యు-ఇఫ్-ఎగ్జిటెడ్" అనునది పిల్ల స్వయముగా ముగిసినదా అని అడుగును. అవునన్నచో మాత్రమే "డబ్ల్యు-ఎగ్జిట్-స్టేటస్" అనుదానితో పిల్ల చెప్పిన సంఖ్యను తీసికొనవలెను. "డబ్ల్యు-ఇఫ్-సిగ్నల్డ్" అనునది సిగ్నలు చంపినదా అని అడుగును. అవునన్నచో "డబ్ల్యు-టెర్మ్-సిగ్" ఆ సిగ్నలు సంఖ్యను తెలుపును. ఆగిపోయిన పిల్లకును ఇట్టి జంట ఒకటి కలదు. తెగను అడుగక సంఖ్యను అడుగుట, పిల్లవాడు ఇల్లు చేరినాడో లేదో చూడక "పిండి ఎంత వచ్చినది?" అని అడుగుట వంటిది.

వీని అన్నిటికంటెను ముందు అడుగవలసిన ప్రశ్న మరియొకటి కలదు: వెయిటు తిరిగి ఇచ్చిన జవాబు ఏమి? అది -1 అయినచో కెర్నెలు స్థితిసంఖ్యను వ్రాయనే లేదు. తల్లికి పిల్లలెవరును లేకపోవచ్చును. లేదా వేచియున్న సమయములో తల్లికే ఒక సిగ్నలు వచ్చి, నిరీక్షణ భగ్నమై యుండవచ్చును. రెండవ సందర్భములో తిరిగి వెయిటును పిలువవలెను. జాగ్రత్తపరులైన విద్యార్థులు చలరాశికి మొదటనే 0 విలువ ఇచ్చు అలవాటు కలవారు. మంచి అలవాటే కాని ఇచ్చట అది మోసము చేయును. వెయిటు విఫలమైనప్పుడు ఆ 0 అట్లే మిగిలి, "పిల్ల జయప్రదముగా ముగిసినది" అను అర్థమునిచ్చును. వార్తయే రానప్పుడు శుభవార్తగా చదువుకొనుట ఇది.

256 తప్పులు సున్న అగుట

పిల్ల చెప్పు మాటకు 8 బిట్లే చోటున్నవని పైన చూచితిరి. 8 బిట్లలో 0 మొదలు 255 వరకు గల సంఖ్యలే పట్టును. అంతకు మించిన సంఖ్యను పిల్ల చెప్పినచో, దానిని 256తో భాగింపగా మిగిలిన శేషము మాత్రమే తల్లికి అందును. 300 అని చెప్పినచో 44 అందును. -1 అని చెప్పినచో 255 అందును.

దీనినుండి ఒక చిత్రమైన దోషము పుట్టును. ఒక పిల్ల ప్రోగ్రాము పట్టికలోని పంక్తులను పరీక్షించి, ఎన్ని తప్పులు దొరికినవో ఆ సంఖ్యనే ఎగ్జిట్ సంఖ్యగా చెప్పునట్లు వ్రాసినారనుకొనవచ్చును. 5 తప్పులున్నచో 5. 200 ఉన్నచో 200. ఇంతవరకు బాగున్నది. సరిగా 256 తప్పులు దొరికిననాడు తల్లికి అందు సంఖ్య 0! తప్పులు పెరిగి పెరిగి, ఒకనాడు ఒక్క తప్పును లేదని వార్త వచ్చును. అందుచేత ఎగ్జిట్ సంఖ్యను లెక్కకు వాడరాదు. జయమా, అపజయమా, అపజయమైన ఏ రకము అని తెలుపుటకే వాడవలెను. లెక్కను చెప్పవలెనన్నచో ఫైలులోగాని, ప్రాసెసులను కలుపు గొట్టము వంటి పైపులోగాని వ్రాసి పంపవలెను.

షెల్‌లో పనిచేయువారికి మరియొక చిక్కు కలదు. సిగ్నలువలన చచ్చిన పిల్ల వార్తను షెల్ సాధారణముగా సిగ్నలు సంఖ్యకు 128 కలిపి తెలుపును. 11వ సిగ్నలు చంపినచో 139 అనును. 9వది చంపినచో 137 అనును. కోర్ ఫైలు ఏర్పడినప్పటి స్థితిసంఖ్యయు 139 యే కదా అని విద్యార్థులు తికమకపడుదురు. అంకెలు ఒకటే కాని కారణములు వేరు. స్థితిసంఖ్యలోని 128 కోర్ ఫైలునకు గుర్తు. షెల్ కలిపిన 128 సిగ్నలు తెగకు గుర్తు. అదియుగాక ఒక ప్రోగ్రాము తానే 139 అని చెప్పి ముగిసినచో, షెల్ ఇచ్చు సంఖ్యనుబట్టి దానిని సిగ్నలు మరణమునుండి వేరుచేయుట సాధ్యము కాదు. సి భాషలో స్థితిసంఖ్యను చదువు తల్లికి మాత్రము ఆ భేదము స్పష్టముగా తెలియును.

వార్త అడుగని తల్లి

పిల్ల ముగిసినది, తల్లి ఇంకను వెయిటును పిలువలేదు. అప్పుడా వార్త ఎచ్చట ఉండును? కెర్నెలు పిల్లయొక్క మెమరీని, అది తెరచిన ఫైళ్లను తిరిగి తీసికొనును. కాని ప్రాసెసుల పట్టికలో దాని పేరుగల పంక్తిని చెరుపదు. ఆ పంక్తిలోనే గుర్తింపు సంఖ్యయు, స్థితిసంఖ్యయు నిలిచియుండును. ప్రాణము లేదు, పేరు మాత్రము కలదు. ఇట్టిదానికి "జాంబీ" అని పేరు. తల్లి వెయిటును పిలిచి వార్త అందుకొన్న వెంటనే ఆ పంక్తి చెరిగిపోవును. పంక్తి ఉన్నంతవరకు ఆ గుర్తింపు సంఖ్యను మరియొక ప్రాసెసునకు ఇయ్యరు. కనుక వార్త ఎవరిదో అను సందేహము రాదు.

కాబట్టి జాంబీ దోషము కాదు. అందవలసిన వార్తను భద్రపరచు పద్ధతి. తల్లి ఎన్నటికిని అడుగకపోవుటయే దోషము. ఏండ్లతరబడి నడచుచు, నిమిషమునకొక పిల్లను పుట్టించి మరచిపోవు తల్లి పట్టికను జాంబీలతో నింపివేయును. లైనక్సులో గుర్తింపు సంఖ్యలకు చాలకాలముగా వాడుకలో ఉన్న మామూలు పరిమితి 32768. నిమిషమునకొకటి చొప్పున 23 దినములలో అవి తరిగిపోవును. ఆ పైన కొత్త ప్రాసెసు ఏదియు పుట్టదు. తల్లి కూడ ముగిసినచో, దిక్కులేని పిల్లలను సాధారణముగా 1వ సంఖ్యగల తొలి ప్రాసెసు దత్తు తీసికొని, వాని వార్తలను అందుకొని పట్టికను శుభ్రపరచును.

తల్లి తన పని మానుకొని వేచియుండుట అన్నివేళల కుదరదు. అప్పుడు "వెయిట్‌పిడ్" అను పిలుపునకు "డబ్ల్యు-నో-హ్యాంగ్" అను సూచననిచ్చినచో, కెర్నెలు ఆగకుండ జవాబు చెప్పును. ముగిసిన పిల్ల ఉన్నచో దాని గుర్తింపు సంఖ్య, పిల్లలున్నను ఎవ్వరును ముగియనిచో 0. ఈ 0 "ఇంకను లేదు" అనుటయేకాని "జయము" అనుట కాదు. పిల్ల గతి మారినప్పుడు తల్లికి "సిగ్‌చైల్డ్" అను సిగ్నలును అందును. కాని ఇద్దరు పిల్లలు వెంటవెంటనే ముగిసినచో రెండు సిగ్నళ్లు ఒకటిగా కలిసిపోవచ్చును. తలుపు తట్టిన చప్పుడు ఒక్కటే అయినను, వాకిట ఇద్దరు నిలిచియుండవచ్చును. అందువలన ఆ సిగ్నలు వచ్చినప్పుడు, ముగిసిన పిల్లలు ఇక లేరని తెలియువరకు వెయిట్‌పిడ్‌ను మరల మరల పిలువవలెను.

చేసి చూడదగిన ప్రయోగములు

లైనక్సుగల ఏ కంప్యూటరుపైనైనను వీనిని చేయవచ్చును. ఫోర్కును పిలిచి, పిల్లను ఒక పని చేయనిచ్చి, వెయిటు తెచ్చిన స్థితిసంఖ్యను పదాంశ రూపములో అచ్చువేయు చిన్న ప్రోగ్రామును వ్రాయవలెను. అచ్చువేయుటకు ముందు రాదగిన సంఖ్యను కాగితముపై లెక్కకట్టుట మంచిది.

మొదట పిల్లచేత 3 అని చెప్పించి ముగింపవలెను, 768 కనబడును. తరువాత 256 అని చెప్పింపవలెను; 0 కనబడును. పిమ్మట పిల్ల అబార్టును పిలుచునట్లు చేయవలెను. 6 గాని, కోర్ ఫైలు ఏర్పడినచో 134 గాని వచ్చును. ఆ పైన పిల్లను ఒక నిమిషము నిద్రింపజేసి, మరియొక కిటికీనుండి దానికి 15వ సిగ్నలును, మరల నడపినప్పుడు 9వ సిగ్నలును పంపి చూడవలెను. చివరకు, పిల్ల వెంటనే ముగియునట్లును, తల్లి వెయిటునకు ముందు అరనిమిషము నిద్రించునట్లును వ్రాసి, ఆ వ్యవధిలో "పి.ఎస్." ఆజ్ఞతో ప్రాసెసుల పట్టికను చూడవలెను. పిల్ల పేరు ప్రక్కన "డిఫంక్ట్" అను మాట కనబడును. తల్లి మేల్కొని వార్త అందుకొన్న పిమ్మట చూచినచో ఆ పంక్తి ఉండదు.

వార్తకు గల హద్దులు

స్థితిసంఖ్య ఎంత ఉపయోగకరమైనను అది చెప్పని సంగతులు కొన్ని కలవు. 9వ సిగ్నలు చంపినదని చెప్పును కాని దానిని పంపినదెవరో చెప్పదు. యంత్రమును చూచుకొను మనుష్యుడు పంపి యుండవచ్చును. మెమరీ చాలక లైనక్సు కెర్నెలే ఒక ప్రాసెసును ఎన్నుకొని బలియిచ్చి యుండవచ్చును. ఆ రహస్యము కెర్నెలు వ్రాయు దినచర్యలో వెదకవలెను.

అట్లే 0 అను మాటయు పిల్ల స్వయముగా ఇచ్చుకొన్న సాక్ష్యమే. 1999 నాటి సి ప్రమాణము ప్రకారము మెయిను ఫంక్షను ఏమియు తిరిగి ఇయ్యకయే చివరకు చేరినచో 0 ఇచ్చినట్లు లెక్క. డిస్కు నిండి వ్రాత విఫలమైనను, దానిని గమనింపని పిల్ల నిశ్చింతగా 0 చెప్పి పోగలదు. సిగ్నలు సంఖ్య కెర్నెలు సాక్ష్యము, దానిని నమ్మవచ్చును. ఎగ్జిట్ సంఖ్యకు గల విలువ పిల్లను వ్రాసినవారి జాగ్రత్తను మించి యుండదు.

కనుక మార్కుల పట్టికలను కాపాడదలచిన తల్లి ప్రోగ్రాము వరుసగా నాలుగు ప్రశ్నలు వేయవలెను. వెయిటు వార్తను నిజముగా తెచ్చినదా? పిల్ల స్వయముగా ముగిసినదా? ముగియుచు 0 అని చెప్పినదా? చివరకు, నకలును అసలుతో సరిపోల్చినచో రెండును ఒకటిగా ఉన్నవా? నాలుగింటికిని అవునన్న జవాబు వచ్చిన పిమ్మటనే పాత ప్రతిపై చేయి వేయవలెను. ఏ ఒక్కటి కాదన్నను అసలును అట్లే ఉంచి, జరిగిన సంగతిని మనుష్యునకు తెలుపవలెను. ఈ ప్రశ్నలన్నియు కలిసి పది పంక్తులకు మించవు. ఆ పది పంక్తులు వ్రాయని ప్రోగ్రామునకును, బియ్యము ఏమైనదో అడుగకయే ఎసరు పెట్టుకొని కూర్చున్న ఇల్లాలికిని భేదము లేదు.